మిద్దె మీద సోలార్: పెట్టించే ముందు వేసుకోవాల్సిన లెక్క

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎండకు కొదవ లేదు. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చిందీ అందుకే. అయినా మీ ఇంటికి సోలార్ గిట్టుబాటవుతుందా లేదా అన్నది ఎండ చెప్పదు, కరెంటు బిల్లు చెబుతుంది. కంపెనీవాళ్లను పిలిచే ముందు గత 12 నెలల బిల్లులు తీసి, ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఏప్రిల్, మే బిల్లు ఒక్కటే చూసి నిర్ణయించుకుంటే అవసరానికి మించిన ప్లాంటు అంటగడతారు.

ఇళ్ల కరెంటుకు 2022లో వచ్చిన స్లాబులు (యూనిట్ ధరల మెట్లు) ఇవి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. సోలార్ యూనిట్లు మీ వాడకంలోంచి పైనుంచి కిందికి తీసేస్తూ వస్తాయి. అంటే ముందు ఖరీదైన యూనిట్లు పోతాయి, చవకవి చివరికి మిగులుతాయి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

మన దగ్గర 1 కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ (కాల్చిన యూనిట్లకు కట్టేది) ఒక్కటే రూ.1,673. అక్కడ 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 60 మిగులుతాయి, వాటికి కట్టేది రూ.147. అంటే నెలకు రూ.1,526 మిగులు. ప్లాంటు ధర 1,40,000 అనుకుంటే కేంద్రం ఇచ్చే రూ.60,000 సబ్సిడీ పోను మీ చేతి నుంచి పడేది 80,000. అది నాలుగున్నరేళ్లలోపే తిరిగి వస్తుంది. అదే ఇంటికి ‘బిల్లు సున్నా చేస్తాం’ అంటూ 3 కిలోవాట్లు చెబుతారు. ధర 2,00,000 అనుకుంటే సబ్సిడీ 78,000 పోను 1,22,000 పడుతుంది. అదనంగా పెట్టిన 42,000కు బిల్లులో తగ్గేది నెలకు ఆ 147 రూపాయలే. వాడకానికి మించి తయారైన యూనిట్లు గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైన్లకు, పోతాయి, వాటికి వచ్చే ధర పై స్లాబుల్లో మీరు కట్టే ధర కంటే బాగా తక్కువ. ఏసీ కొనబోతున్నా, వేసవిలో మూడు నాలుగు నెలలు 400 దాటుతున్నా 3 కిలోవాట్లకు పోవచ్చు. లేకపోతే బిల్లును సున్నా చేయాలన్న పంతం వద్దు.

నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి బిల్లు 300 చిల్లర. 1 కిలోవాట్‌కు సబ్సిడీ 30,000 పోను 40,000 పెట్టినా తిరిగి రావడానికి 11 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) మార్చే సమయం వస్తుంది. అలాంటి ఇంటికి మేము వద్దనే చెబుతాం. ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు రాష్ట్రం వేరే సాయం ప్రకటించింది కాబట్టి, డబ్బు కట్టే ముందు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను తప్పకుండా అడగండి.

ఇంకో సంగతి ముందే తెలియాలి. మామూలు ఆన్-గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా లైన్ కరెంటుతో కలిసి నడిచేది, లైన్‌లో కరెంటు పోతే ఆగిపోతుంది, మిట్ట మధ్యాహ్నమైనా సరే. లైన్ మీద పని చేసే మనిషికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. కరెంటు కోతలకోసమే సోలార్ అనుకునేవాళ్లకు హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీలూ కావాలి. వాటి ఖర్చుతో పై లెక్క మొత్తం మారిపోతుంది.

ఇక మిద్దె. కిలోవాట్‌కు నీడ పడని చోటు 100 చదరపు అడుగులు చూసుకోండి. పాత మట్టి మిద్దెలు, దూలాల మీద నాపబండలు పరిచిన కప్పులు ఈ పనికి పనికిరావు. ఒక్కో ప్యానెల్ 25 నుంచి 30 కిలోలు ఉంటుంది, బరువుకన్నా గాలి లాగే లాగుడు ఎక్కువ ప్రమాదం. ఆషాఢం గాలులు అనంతపురం వైపు ఎలా వీస్తాయో తెలిసిందే. ఆర్‌సీసీ స్లాబు మీద కూడా నేరుగా డ్రిల్లు కొట్టి బోల్టులు బిగిస్తే మొదటి వానకే కారే ప్రమాదం ఉంది. సిమెంటు దిమ్మెలు పోసి, వాటిలో జీఐ (జింకు పూత వేసిన ఇనుము) స్టాండు కాళ్లు దించేలా రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

నీడను డిసెంబరులో చూడాలి. అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి, 6 అడుగుల నీళ్ల ట్యాంకు నీడ మధ్యాహ్నం కూడా ఉత్తరానికి దాదాపు 5 అడుగులు పడుతుంది, ఉదయం తొమ్మిదికి అంతకు రెట్టింపు దాటుతుంది. ప్యానెళ్లు వరుసగా ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడితే వరుస మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. ట్యాంకుకు దక్షిణం వైపున, దక్షిణానికి ముఖం చేసి, 15 డిగ్రీల వాలులో పెట్టించండి.

మే నెలలో ఉత్పత్తి ఆకాశాన్నంటుతుందని అనుకుంటారు, అది జరగదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. కడప ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 15 శాతం తగ్గుతుంది. ప్యానెళ్ల కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించడం, ఇన్వర్టర్‌ను పడమటి గోడకు కాకుండా నీడలో పెట్టడం అందుకే.

ఎర్తింగ్ దగ్గరే ఎక్కువమంది మోసం చేస్తారు. స్టాండుకు ఒకటి, ఇన్వర్టర్‌కు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మూడు వేర్వేరుగా ఉండాలి. మన నేల రాతిమయం, ఎండిన నేల. నేలలో దించే ఎర్త్ కడ్డీ రెండడుగులు దిగి బండకు తగిలితే అక్కడితో ఆపేస్తారు. ఎర్త్ నిరోధం కొలిచే మీటరు పెట్టి చూపించమనండి, 5 ఓమ్‌లకు లోపు రావాలి.

దరఖాస్తు కేంద్ర సబ్సిడీ పథకమైన పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో చేయాలి. మీటరు తాత పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి, చాలా ఫైళ్లు ఇక్కడే ఆగుతాయి. పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే ఎంచుకోండి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి, అంటే డీసీఆర్ రకం, అయి ఉండాలి. బిగించే ముందే సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి. సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, వెండర్‌కు కాదు. ఎస్‌పీడీసీఎల్ (మన కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు నెట్ మీటరు (లైన్‌కు పోయే, లైన్ నుంచి వచ్చే యూనిట్లు రెండూ లెక్కించేది) బిగించి ప్లాంటు మొదలయ్యేదాకా చివరి వాయిదా చేతిలోనే ఉంచుకోండి.

బేతంచర్ల, ఎర్రగుంట్ల వైపు బండల ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడే ఊళ్లలో వారానికోసారి, మిగతాచోట్ల పదిహేను రోజులకోసారి కడగాలి. తెల్లవారుజామునే కడగండి; కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. బోరునీళ్లలోని ఉప్పు ఎండి తెల్లటి పొర కడుతుంది, అది తర్వాత గీకినా పోదు. వాననీళ్లో, సాల్టు లేని నీళ్లో వాడండి. బోరునీళ్లు తప్పనిసరైతే ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిచేయండి.