జావాస్క్రిప్ట్‌తో తనంతట తానే అల్లుకునే సంగీతాన్ని తయారుచేయడం ఎలా?

బాణీని స్వరం స్వరంగా రాయకుండా, నియమాలు మాత్రమే రాసిపెట్టి, వాటి ప్రకారం కంప్యూటరే ప్రతిసారీ కొత్త వరసను వాయించేలా చేయవచ్చు. ఇందుకు టోన్.జేఎస్ అనే ఉచిత లైబ్రరీ చక్కగా సరిపోతుంది. బ్రౌజర్లలో ముందే ఉండే, శబ్దాన్ని పుట్టించే వెబ్ ఆడియో ఏపీఐ అనే ఏర్పాటు మీద అది పనిచేస్తుంది.

మొదట లైబ్రరీని పేజీలో చేర్చి, ఒక బటన్ పెట్టండి. వినేవారు ఏదో ఒకటి నొక్కేదాకా బ్రౌజర్లు సాధారణంగా శబ్దాన్ని ఆపి ఉంచుతాయి కనుక, టోన్.స్టార్ట్ ఫంక్షన్‌ను ఆ బటన్ క్లిక్‌లోనే పిలవాలి. తరువాత ఒక సింథ్‌ను, అంటే స్వరాలను మోగించే వాద్యాన్ని, సృష్టించి స్పీకరుకు కలపండి.

ఇప్పుడు స్వరాలు ఎంచుకోవాలి. సీ, డీ, ఈ, జీ, ఏ అనే అయిదింటిని ఒక అర్రేలో, అంటే వరుస జాబితాలో, పెట్టండి. సీని షడ్జమంగా తీసుకుంటే ఇవి మోహన రాగ స్వరాలే. వీటి మధ్య అర్ధస్వరపు ఎడం ఎక్కడా లేనందువల్ల ఏది దేని తరువాత వచ్చినా చెవికి గుచ్చుకోదు. అయితే యాదృచ్ఛిక సంఖ్యనిచ్చే మ్యాథ్.ర్యాండమ్ ఫంక్షన్‌తో ప్రతిసారీ ఏదో ఒక స్వరాన్ని తీస్తే వినిపించేది గెంతులే తప్ప బాణీ కాదు. అందుకు బదులు, ప్రస్తుత స్వరం నుంచి ఒక మెట్టు పైకో కిందికో వెళ్లమనండి, లేదా అక్కడే నిలవమనండి. అర్రే అంచుకు చేరితే వెనక్కి తిప్పండి. అప్పుడప్పుడు ఒక స్వరాన్ని వదిలేసి నిశ్శబ్దానికి చోటిస్తే వరసకు ఊపిరి వస్తుంది.

కాలాన్ని నడిపేది ట్రాన్స్‌పోర్ట్ అనే టోన్.జేఎస్ గడియారం. వేగాన్ని నిమిషానికి 100 బీట్లుగా పెట్టి, ఒక ఫంక్షన్‌ను మళ్లీ మళ్లీ పిలిచే టోన్.లూప్‌కు "8ఎన్" అనే వ్యవధిని, అంటే అర బీటును, ఇస్తే, అది 0.3 సెకన్లకొకసారి మీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్‌కు అందే టైమ్ విలువను సింథ్‌కు తప్పక అందించండి. లూప్ ప్రతి స్వరాన్నీ కాస్త ముందుగానే సిద్ధం చేసి, అది మోగవలసిన క్షణాన్ని ఆ విలువ ద్వారానే చెబుతుంది. దాన్ని వదిలేస్తే లయ తడబడుతుంది. చివరగా లూప్‌తో పాటు ట్రాన్స్‌పోర్ట్‌ను కూడా స్టార్ట్ చేయాలి.

నా దృష్టిలో అసలు కీలకం పునరావృత్తి. పుట్టిన మొదటి ఎనిమిది స్వరాలను దాచి, వాటినే మళ్లీ వాయిస్తూ, ఆవృత్తికి ఒక్క స్వరాన్ని మాత్రమే మార్చండి. అప్పుడు విన్నవారు వరసను గుర్తుపడతారు, మార్పునూ గమనిస్తారు.

మ్యాథ్.ర్యాండమ్‌కు సీడ్, అంటే ఇచ్చిన ప్రతిసారీ అదే వరసను రప్పించే ప్రారంభ సంఖ్య, ఇచ్చే వీలు లేదు. నచ్చిన బాణీని మళ్లీ రప్పించుకోవాలంటే, సీడ్ తీసుకునే చిన్న ర్యాండమ్ ఫంక్షన్‌ను మీరే రాసుకొని, ఆ సంఖ్యను బాణీతో పాటు భద్రపరచుకోండి.