నైవాషా ప్రయాణం: విజయవాడ కుటుంబాలు ముందుగా చూసుకోవలసినవి

కెన్యాలోని హెల్స్ గేట్ జాతీయ ఉద్యానంలో ఉదయం జంతువుల మధ్య సైకిల్ తొక్కి, మధ్యాహ్నం దగ్గరలోని నైవాషా సరస్సులో పడవ ఎక్కాలనుకునే మన ఊరివారు అన్నిటికన్నా ముందు ఆలోచించవలసింది ఏ నెలలో వెళ్లాలన్నదే. మన పిల్లలకు వేసవి సెలవులు దొరికే ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు కురుస్తాయి. దసరా, దీపావళి రోజుల ప్రాంతంలో చిన్న వానలు మొదలవుతాయి. వీలైతే సంక్రాంతి సెలవులను ఈ ప్రయాణానికి ఉంచుకోవడం మేలు.

వాన గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఆ ఉద్యానంలోని ఇరుకు లోయ. ఎక్కడో ఎగువన కురిసిన వాన నీరు రెండు వైపులా నిలువుగా ఉన్న రాతిగోడల మధ్యకు క్షణాల్లో వచ్చి పడుతుంది కనుక, తలమీద ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన లోయ క్షేమమని అనుకోకూడదు. 2012 ఏప్రిల్‌లో ఏడుగురు, 2019 సెప్టెంబరులో మరో ఏడుగురు అక్కడ వరదలో ప్రాణాలు కోల్పోయారు. సెప్టెంబరు వానాకాలం కాదని గమనించండి. గైడు వద్దన్న రోజున, ఇంత డబ్బు పెట్టి వచ్చామని అతణ్ణి ఒత్తిడి చేయవద్దు.

సైకిల్ దారిలో జీబ్రాలు, జిరాఫీలు మనల్ని చూసి తామే తొలగిపోతాయి గాని, అడవి దున్నల విషయంలో జాగ్రత్త అవసరం. అవి కనిపిస్తే ఆగి, అందరూ ఒకచోట చేరి, గైడు చెప్పేదాకా కదలకూడదు. పిల్లలను గైడును దాటి ముందుకు పోనివ్వకూడదు. పులిహోర, చేగోడీల వంటివి చేతిలో పట్టుకుని తిరిగితే బబూన్ కోతులు లాక్కుపోతాయి. బయలుదేరే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడండి. బెజవాడ ఎండలకు అలవాటుపడిన మనకు అక్కడి చల్లగాలి హాయిగానే ఉంటుంది గాని, భూమధ్యరేఖకు దగ్గరగా సుమారు 1,900 మీటర్ల ఎత్తులో చర్మం తెలియకుండానే కమిలిపోతుంది, ఆయాసమూ త్వరగా వస్తుంది.

పడవ విషయంలో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణా నదిలోని పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. వారిలో చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. నైవాషాలోనూ జాకెట్ తొడిగి, కట్లు బిగించాకే పడవ ఎక్కండి. పిల్లలకు వారి కొలతకు సరిపోయేదే అడగండి. నీటిగుర్రాలు పగలు ఎక్కువసేపు నీటిలోనే ఉంటాయి, మునిగి కొన్ని నిమిషాలు కనిపించకుండా ఉండగలవు. కాబట్టి ఫొటో కోసం పడవను దగ్గరకు పోనిమ్మని అదనపు సొమ్ము ఆశ చూపడం మహా ప్రమాదకరం. చీకటి పడ్డాక అవి మేతకు గట్టెక్కుతాయి, అందువల్ల సాయంత్రానికి ఒడ్డు వదిలి వచ్చేయాలి.

ఎల్లో ఫీవర్ (దోమల ద్వారా సోకే జ్వరం) టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే గుర్తింపు పొందిన కేంద్రంలో వేయించుకోవాలి. 60 ఏళ్లు దాటినవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. టీకా ధ్రువపత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు గనుక, దాన్ని పెట్టెలో వేయకుండా పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోండి.