రెట్టింపు రాకెట్, 4వ పాఠం: బ్యాలెన్స్ ఎక్కడ పడాలి

పోయిన పాఠంలో చిన్న రాకెట్ కొలతలన్నీ రెండింతలు చేసి గొట్టం, ముక్కు, నాలుగు రెక్కలు అతికించాం. ఈసారి నేరుగా ఎగరేయడంలోకి వెళ్లాల్సింది. కానీ మోటారుతో (లోపలి మందు మండి రాకెట్‌ను తోసే గొట్టం) కలిపి 700 గ్రాములకు రావాల్సిన రాకెట్ చాలామంది చేతుల్లో 1,200 దాటింది. ముందు అది తేల్చాలి.

తప్పు గొట్టంలోనే ఉంది. బరంపురం, పర్లాకిమిడి బట్టల కొట్లలో థాను చుట్టే అట్టగొట్టం ఊరికే దొరుకుతుంది, లావు కూడా సరిపోతుంది. కానీ దాని గోడ 4 మి.మీ. మందం ఉంటే 90 సెం.మీ. ముక్క ఒక్కటే 600 గ్రాములు తూగుతుంది. దాన్ని పక్కన పెట్టండి. 75 మి.మీ. పీవీసీ పైపు మీద పాలిథిన్ కవరు చుట్టి, ఆపైన అట్టలేసే ఖాకీ కాగితాన్ని ఫెవికాల్‌తో గోడ 1 మి.మీ. అయ్యేదాకా చుట్టండి. బాగా ఆరాక పైపు లాగేస్తే అదే పొడుగు గొట్టం 180 గ్రాముల లోపే వస్తుంది. రెక్కల మొదళ్లకు ఎంసీల్ పెట్టినవాళ్లు గీకేసి అరాల్డైట్ వాడండి. తోకలో పెరిగే ప్రతి గ్రాముకూ ముక్కులో మరికొంత బరువు కట్టాల్సి వస్తుంది.

ఇక అసలు సంగతి. ఖాళీ రాకెట్‌ను దారంతో వేలాడదీసి, బ్యాలెన్స్ బాగుందని సంబరపడకండి. మోటారు లేని బ్యాలెన్స్ బ్యాలెన్సే కాదు. లెక్క చూడండి. ఖాళీ రాకెట్ 600 గ్రాములు, ముక్కు కొన నుంచి 60 సెం.మీ. దగ్గర నిలుస్తోంది. గాలి తోపుడు కేంద్రం, అంటే రాకెట్ మీద గాలి తోపుడంతా కలిసి పడినట్టుండే చోటు, 74 సెం.మీ. దగ్గరుంది. బ్యాలెన్స్ దీనికన్నా కనీసం ఒక గొట్టం వ్యాసం ముందుండాలి. మధ్య దూరం 14 సెం.మీ., అంటే 7.7 సెం.మీ. గొట్టానికి దాదాపు రెండు వ్యాసాలు. భేషుగ్గా కనిపిస్తుంది. ఇప్పుడు 112 సెం.మీ. దగ్గర 100 గ్రాముల మోటారు దూర్చండి. బ్యాలెన్స్ 67.4కి జారింది. మిగిలింది 6.6 సెం.మీ., ఒక్క వ్యాసం కూడా లేదు. బయల్దేరేటప్పుడు నిటారుగా నడిపే రాడ్డును వదలగానే ఇది గాలిలో తూలే ప్రమాదం ఉంది. మోటారు మండేకొద్దీ తోక తేలికై బ్యాలెన్స్ ముందుకొస్తుంది కాబట్టి, అన్నిటికన్నా గండం బయల్దేరే క్షణమే. చిన్న రాకెట్‌లో ఈ తేడా తెలియలేదంటే అందులో మోటారు పాతిక గ్రాములే, రెక్కలు బాల్సా అనే తేలికైన చెక్కవి. ఇక్కడ 3 మి.మీ. ప్లైవుడ్.

విరుగుడు: వలలకు కట్టే సీసం గుళ్లు 30 గ్రాములు, ముక్కు లోపల కొన నుంచి 10 సెం.మీ. దగ్గర అరాల్డైట్‌లో ముంచి బిగించండి. బ్యాలెన్స్ 65కి వస్తుంది, దూరం 9 సెం.మీ. అవుతుంది. చాలు. భయపడి 150 గ్రాములు కుక్కితే రాకెట్ గాలి వచ్చే వైపుకే తల తిప్పి పొలాలు దాటిపోతుంది, పైగా మోటారు బలం చాలదు. గాలి కేంద్రం కోసం అట్ట బొమ్మ కత్తిరించి తూచే పద్ధతి కేంద్రాన్ని ఉన్నదానికన్నా ముందు చూపిస్తుంది. అందుకే నేను ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్‌నే నమ్ముతాను, అది ఉచితం.

మోటారు ఫ్యాక్టరీదే కొనాలి. ఇంట్లో మందు కూరడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. ఈ పాఠాల్లో అది ఎప్పటికీ రాదు. ఎఫ్40-7 అని రాసి ఉంటే సగటు బలం 40 న్యూటన్లు, మండడం ఆగిన 7 సెకన్లకు పారాచూట్ తెరుచుకుంటుంది. బరువుకు కనీసం అయిదింతల బలం కావాలి. 730 గ్రాములకు ఇది అయిదున్నర రెట్లు. పాత మీటరు రాడ్డు పనికిరాదు, 6 మి.మీ. లావు, 1.8 మీటర్ల పొడుగు రాడ్డు తెచ్చుకోండి. అప్పుడే రాడ్డు వదిలేసరికి సెకనుకు 13 మీటర్ల వేగం దగ్గరికొస్తుంది.

పారాచూట్ కూడా రెండింతలు చేస్తే చాలదు. కొలత రెట్టింపైతే గుడ్డ నాలుగింతలు, బరువు ఎనిమిదింతల దాకా పోతుంది. 60 సెం.మీ. గుడ్డతో సెకనుకు 7 మీటర్లు దాటి దిగి రెక్కలు విరుగుతాయి. 90 పెట్టండి.

కోతలైన పొలంలో ఎండుగడ్డి అంటుకుంటుంది. కాశీనగర్ వైపు వంశధార ఇసుక మేలు. పోలీసు అనుమతి, కనీసం 300 మీటర్ల ఖాళీ జాగా, బటన్ నొక్కేవాళ్లకు 9 మీటర్ల దూరం ఉండాలి.

అభ్యాసం: అసలు మోటారు ఇంట్లో దూర్చొద్దు. 29 మి.మీ. కాగితం గొట్టంలో మోటారు పొట్లం మీద రాసిన బరువుకు సరిపడా ఇసుక నింపి దూర్చండి. పారాచూట్, తాడు, దూది అన్నీ సర్ది బ్యాలెన్స్ కొలవండి. మోటారులో మండిపోయే మందు బరువంత ఇసుక తీసేసి మళ్లీ కొలవండి. సీసం 10 గ్రాముల చొప్పున 60 దాకా పెంచుతూ రెండు కొలతలూ ప్రతిసారీ రాయండి. ఏ బరువు దగ్గర బయల్దేరే క్షణపు దూరం ఒక వ్యాసం దాటిందో ఆ వరుస చుట్టూ గీత గీయండి. వచ్చే పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.