లాంగ్ రన్ చేసేవాళ్ళు స్వీట్లు మానక్కర్లేదు, ఎప్పుడు ఏది తినాలో తెలిస్తే చాలు

మాది వైజాగ్. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే బళ్ళు రానివ్వరు కాబట్టి ఆరేళ్ళ నుంచి అక్కడే రన్నింగ్ చేస్తున్నా, వారానికి నాలుగు రోజులు, ఆదివారం లాంగ్ రన్. స్వీట్ అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. మా పెద్దమ్మ వాళ్ళది హల్వాకి పేరున్న మాడుగుల, అంటే ఇంట్లో హల్వా ఎప్పుడూ ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. మా రన్నింగ్ గ్రూపులో కొత్తగా వచ్చిన ప్రతి రెండో మనిషి అడిగేది ఒకటే, అక్కా హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) కి ట్రైనింగ్ మొదలుపెట్టాను, స్వీట్లు పూర్తిగా మానేయాలా అని. వద్దమ్మా, మానకు, కానీ ఇప్పుడు తింటున్న పద్ధతి మార్చు అని చెప్తా. ఆ పద్ధతి ఏంటో ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి ఏడాది సెప్టెంబర్ లో మొదలుపెట్టి నాలుగు నెలలు తీపి ముట్టుకోలేదు. పెద్దమ్మ బాధపడేది, "ఏటమ్మా, అంత దూరం పరిగెట్టొచ్చి ముక్క హల్వా కూడా తిననంటావు, ఒంట్లో శక్తి ఎక్కడ్నించొస్తాది మరి" అని. నేను వినలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో డబ్బా తీసి నిలబడే ఏడు అరిసెలు తినేశా. రుచి కూడా తెలియలేదు, భయంతో తిన్నట్టు తిన్నా. ఆ తర్వాత రెండు వారాలు అదే వరస, పగలు ఏమీ తినకపోవడం, రాత్రి డబ్బా తీయడం. పెద్దమ్మ మాటలో నిజం ఉందని అప్పుడు తెలిసింది. పూర్తిగా మానేసిన తీపి మనసులోంచి పోదు, అక్కడే పెరుగుతూ ఉంటుంది.

అలాగని రన్ చేశా కదా ఎంతైనా తినొచ్చు అనుకోవడం కూడా లెక్క తప్పే. పరిగెత్తినప్పుడు మన బరువులో ప్రతి కిలోకి, ప్రతి కిలోమీటరుకి దాదాపు 1 కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెడితే సుమారు 300. ఇంట్లో చేసిన ఒక మామూలు సైజు సున్నుండలో దగ్గర దగ్గర 140 ఉంటాయి. అంటే అరగంట పైన చెమటోడ్చింది రెండు సున్నుండలకి సరిపోయింది. వాచీలో వచ్చే కేలరీల నంబర్ని కూడా పూర్తిగా నమ్మకండి, చాలాసార్లు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఇంత పరిగెత్తాను, ఇంత తింటాను అని కూలి లెక్కలా పెట్టుకోవద్దు. అలా మొదలుపెడితే కొన్నాళ్ళకి పరుగే శిక్షలా అనిపిస్తుంది, తినేటప్పుడు కూడా తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

మరి పరుగు వల్ల మనకి వచ్చే లాభం ఏంటంటే, చక్కెర ఒంట్లో ఎక్కడికి వెళ్తుందనేది మారుతుంది. మన కండరాల్లో గ్లైకోజెన్ అని పిండి పదార్థం నిలవ ఉంటుంది, కండరాల్లో 400 గ్రాముల చుట్టూ, లివర్ లో ఇంకో 100 దాకా. లాంగ్ రన్ లో అది తగ్గిపోతుంది. ఫుల్ మారథాన్, అంటే 42 కిలోమీటర్లు, చేసేవాళ్ళు 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు ఒక్కసారి సీసం పోసినట్టు అయిపోయాయి అంటారే, అందుకు పెద్ద కారణం ఈ నిలవ అయిపోవడమే. పరుగు ఆపిన తర్వాత కొన్ని గంటలు ఖాళీ అయిన కండరాలు రక్తంలో చక్కెరని మామూలు కంటే త్వరగా లాక్కుంటాయి. అదే సున్నుండ రాత్రి పదిన్నరకి టీవీ ముందు తిన్నా కేలరీలు అవే, కానీ అప్పుడు దాన్ని అడిగే కండరం లేదు.

అందుకని నా వారంలో తీపి అంతా ఆదివారం వైపు జరిపేశాను. మంగళవారం 6 కిలోమీటర్లు నెమ్మదిగా, గురువారం స్పీడ్ వర్కౌట్, శనివారం 5, ఆదివారం 16 నుంచి 18. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత నాకిష్టమైన స్వీట్ కడుపునిండా కాదు కానీ మనసునిండా తింటా, ప్లేట్ లో పెట్టుకుని, కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి. గురువారం ఒక చిన్న ముక్క. మిగతా రోజులు పండు. వేసవిలో అయితే బంగినపల్లి మామిడిపండే నా స్వీట్, 100 గ్రాముల్లో చక్కెర 14 గ్రాముల చుట్టూ, పీచు ఉంటుంది, కడుపు కూడా నిండుతుంది. మామిడిపండుని స్వీట్ గా లెక్కపెట్టని వాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

ఇక్కడ ఒక ముఖ్యమైన పని, దీన్ని మాత్రం ఈ రోజే చెయ్యండి. మీరు ఇష్టపడి తినే తీపి ఎంత, తెలియకుండా లోపలికి పోయే తీపి ఎంత అని ఒక్క వారం రాసి చూడండి. నేను రాసినప్పుడు నా కళ్ళు తెరుచుకున్నాయి. ఆఫీసులో రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు, అంటే 10 గ్రాములు చొప్పున 40 గ్రాముల పంచదార, 160 కేలరీలు. ఒక సున్నుండ కంటే ఎక్కువ, అదీ ప్రతి రోజూ, ఒక్క గుటక కూడా ఆస్వాదించకుండా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చెప్తుందంటే విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది అని. 2000 కేలరీలు తినేవాళ్ళకి 10 శాతం అంటే 50 గ్రాములు. అందులో 40 టీకే పోతే ఇంక హల్వాకి చోటెక్కడ? రెండు టీలు మానేశా, మిగిలిన రెండిట్లో చెంచా చెంచా తగ్గించుకుంటూ వచ్చా, నెల పట్టింది అలవాటవడానికి. క్రీం బిస్కెట్లు, ఎవరి పుట్టినరోజుకో కట్ చేసిన కేకు, మీటింగ్ లో పెట్టే కూల్ డ్రింకు ఇవన్నీ మర్యాదగా వద్దనేస్తా. ఇష్టం లేని తీపి వదిలేస్తే ఇష్టమైన తీపికి చోటు దొరుకుతుంది, నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

రన్ కి ముందు మాత్రం నేతి స్వీట్ జోలికి పోవద్దు. మాడుగుల హల్వా ఎలా చేస్తారో చూస్తే మీకే అర్థమవుతుంది. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి పాలు పిండి, ఆ పాలని పులవనిచ్చి, పంచదార పాకంలో పోసి, నెయ్యి వేస్తూ కట్టెల పొయ్యి మీద గంటల తరబడి తిప్పుతారు. ముక్క పట్టుకుంటే వేళ్ళకి నెయ్యి అంటుతుంది, వెలుతురుకి పెడితే తేనె రంగులో లోపల జీడిపప్పు కనపడుతుంది. అంత నెయ్యి కడుపులో నెమ్మదిగా అరుగుతుంది. ఒకసారి శక్తి వస్తుంది కదా అని పొద్దున్న నాలుగున్నరకి రెండు ముక్కలు తిని బయల్దేరా, తెన్నేటి పార్కు దాటి రుషికొండ వైపు ఎత్తు ఎక్కేసరికి కడుపులో తిప్పేసి రోడ్డు పక్కన కూర్చుండిపోయా, ఆ రోజు ఇంటికి ఆటోలోనే వచ్చా. పరుగుకి ముందు అరటిపండు, లేకపోతే రెండు బ్రెడ్ ముక్కల మీద కొంచెం తేనె, అంతే, నెయ్యి పప్పులు లేకుండా.

రన్ మధ్యలో మాత్రం తీపి నిజంగా మందులా పనిచేస్తుంది, గంటంపావు, గంటన్నర దాటే రన్ అయితేనే. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోమంటారు. పరిగెడుతూ మింగడానికి తీపి జెల్ ప్యాకెట్లు అమ్ముతారు, ఒక్కోదాంట్లో 25 గ్రాముల చుట్టూ ఉంటుంది, ఖరీదు ఎక్కువ. నేను అనకాపల్లి బెల్లం వాడతా. మన పక్కనే అంత పెద్ద బెల్లం మార్కెట్ పెట్టుకుని వేరే ఎందుకు. 10 గ్రాముల ముక్కలు కొట్టి ఒక్కోటి బటర్ పేపర్ లో చుట్టి జేబులో పెట్టుకుంటా, ఇరవై నిమిషాలకి ఒకటి నోట్లో పెట్టుకుని నీళ్ళు తాగుతా. మన బీచ్ గాలిలో తేమకి గంటలో జిగురైపోతుంది కాబట్టి పేపర్ రెండు పొరలు చుట్టండి. చెమట ఎక్కువ పట్టేవాళ్ళు నీళ్ళలో ఉప్పు కూడా కలుపుకోండి. గింజ తీసిన ఖర్జూరం కూడా బాగుంటుంది. పల్లీ పట్టి మాత్రం పరిగెడుతూ తినొద్దు, నమల్లేరు, పలుకు గొంతుకి అడ్డం పడుతుంది. ఏది వాడినా రేసు రోజు కొత్తగా ప్రయత్నించకుండా ముందు రెండు మూడు లాంగ్ రన్స్ లో అలవాటు చేసుకోండి.

బెల్లం గురించి ఒక మాట. బెల్లం కాబట్టి ఎంతైనా ఫర్వాలేదు అనుకునేవాళ్ళు చాలామంది. 100 గ్రాముల బెల్లంలో 380 కేలరీలు, పంచదారలో 390 దాకా, పెద్ద తేడా లేదు. బెల్లం రుచి వేరు, వాసన వేరు, అందుకే నాకిష్టం. కానీ దాంట్లో ఉండే ఐరన్ కోసం తినేంత కాదు.

ఫుల్ మారథాన్ చేసేవాళ్ళకి రేసుకి ముందు ఒకటిన్నర, రెండు రోజులు స్వీట్ కి నిజంగా పని ఉంటుంది. అప్పుడు కిలో బరువుకి 8 నుంచి 10 గ్రాముల కార్బోహైడ్రేట్ తినాలంటారు, 60 కిలోల మనిషికి 480 నుంచి 600 గ్రాములు. అంతా అన్నంతోనే అయితే కడుపు పట్టదు. నేను నెయ్యి ఒక్క చెంచాకి తగ్గించి పరమాన్నం చేసుకుంటా, పాలు కూడా తక్కువే, జీడిపప్పు వెయ్యను. 5, 10 కిలోమీటర్ల రేసులకి ఇదంతా అవసరం లేదు, మామూలుగా తినండి. ఇంకోటి, రేసుకి ముందు రెండు మూడు వారాలు రన్నింగ్ తగ్గిస్తాం కదా, అప్పుడు ఆకలి మాత్రం పాతదే ఉంటుంది, ఆ రోజుల్లో తీపి కొంచెం తగ్గించుకోవాలి.

బరువు తగ్గాలనుకునేవాళ్ళు స్వీట్ ని ప్లాన్ బయట పెట్టొద్దు, లోపల పెట్టండి. రోజుకి 300 కేలరీలు తగ్గించాలనుకుంటే వారానికి రెండు సార్లు తినే స్వీట్ ని కలిపే లెక్క వేసుకోండి. స్వీట్ తిన్నా కదా అని రాత్రి భోజనం మానేసి పొద్దున్నే పరిగెత్తడం మాత్రం వద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళు. చాలినంత తినకుండా కిలోమీటర్లు పెంచితే నెలసరి ఆగిపోవడం, ఎముకల్లో సన్నటి చీలికలు రావడం దాకా వెళ్తుంది. నెలసరి తప్పితే ట్రైనింగ్ బాగా జరుగుతోందని అనుకోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళు కూడా, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, రన్ మధ్యలో తీపి సంగతి డాక్టర్ తో మాట్లాడే పెట్టుకోండి, నా పద్ధతి మీకు సరిపోకపోవచ్చు.

లాంగ్ రన్ అయ్యాక ముందు నీళ్ళు, తర్వాత గంటలోపు టిఫిన్, పెసరట్టో, ఇడ్లీ రెండు గుడ్లో. టిఫిన్ చేసే ఓపిక లేక ఇంటికి చేరేలోపు కళ్ళు తిరుగుతున్నట్టు ఉంటే ఒక సున్నుండ. మినప్పప్పులో ప్రోటీన్ ఉంది, బెల్లంలో చక్కెర ఉంది, పరుగు తర్వాత రెండూ కావాలి.

నేను చేసే కొలత ఇది. పొట్టు మినప్పప్పు 200 గ్రాములు, బెల్లం 150, నెయ్యి 80. పప్పు సన్నటి సెగ మీద కనీసం పావుగంట వేయించాలి, వాసన ఇల్లంతా వచ్చి గింజ కొరికితే పటుక్కుమనాలి, తొందరపడి పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చి ఉండి నాలుక్కి అంటుకుంటుంది. పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టండి, మరీ మెత్తగా కాకుండా వేళ్ళకి కాస్త గరుకు తగిలేలా. తురిమిన బెల్లం వేసి ఇంకోసారి తిప్పి, నెయ్యి గోరువెచ్చగా కాచి కొంచెం కొంచెం పోస్తూ వేడి మీదే ఉండలు కట్టాలి. 14 వస్తాయి, ఒక్కోదాంట్లో ప్రోటీన్ 3 గ్రాముల పైన, బెల్లం 11 గ్రాముల లోపు. నెయ్యి ఇంకా తగ్గిద్దామని చూశాను కానీ 60 అయితే ఉండ విడిపోతోంది, జేబులో పిండి అయిపోతుంది, 80 ఉండాల్సిందే. నేను శనివారం రాత్రే రెండు ఉండలు చిన్న డబ్బాలో పెట్టి బండి డిక్కీలో వేసేస్తా, ఒకటి నాకు, రెండోది ఆ రోజు నాతో పరిగెత్తినవాళ్ళకి.