పడుకున్న జింకను చూసి తొందరపడకండి
ఇండియాలో వేట నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కానీ టెక్సస్‌లో లైసెన్స్ తీసుకుని తెల్లతోక జింకల వేటకు వెళ్లే మనవాళ్లకు ఒక మాట. పడుకున్న జింక కదలదు కాబట్టి సులువనిపిస్తుంది, కానీ కాళ్లు మడిచి ఉన్నప్పుడు గుండె, ఊపిరితిత్తులు ఎక్కడున్నాయో అంచనా తప్పుతుంది, పైగా గడ్డి అడ్డం, గురి కాస్త వెనక్కి జరిగితే తూటా పొట్టలో దిగి అది గంటల తరబడి నరకం చూస్తుంది. నిద్రలో ఉన్నదాన్ని కాల్చడం తప్పా అని అడుగుతారు, నా దృష్టిలో అసలు తప్పు దాన్ని బాధపెట్టి చంపడం. తుపాకీ ఆనించుకుని ఆగండి, గంటైనా సరే. లేచాక చాలాసార్లు ఒళ్లు విరుచుకుని కాసేపు నిలబడుతుంది. పక్కకు తిరిగి ఉంటే ముందుకాలి వెనకాలే, ఒంటి కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తులో గురిపెట్టండి. లేవకుండానే చీకటి పడితే వదిలేసి వచ్చేయండి.