చెరువు లీజుకు ముందు డ్రైను వెంట నడవండి

ఆదివారం రామ్‌నగర్ చేపల మార్కెట్లో రొయ్యల ధర చూసి వచ్చాక మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు నన్ను ఆపుతూనే ఉంటారు. "మీకు బందరు వైపు చెరువులున్నాయి కదా, మాకూ పదెకరాలు లీజుకు చూడండి" అంటారు. నేను వనస్థలిపురంలో ఉంటూ, పుట్టింటి వాటాగా వచ్చిన నాలుగెకరాల్లో రొయ్యలు పెంచుతున్నదాన్ని. మొదటి ఏడాదే చెయ్యి కాల్చుకున్నాను. రొయ్యలను చంపే తెల్లమచ్చ వ్యాధి వల్ల కాదు, పొరుగు వరి పొలంతో తగాదా వల్ల. అందుకే అడిగినవాళ్లకు లాభం లెక్క కంటే ముందు ఇవి చెబుతాను.

ముందుగా భూమి పుట్టుక తెలుసుకోండి. అడంగల్ (భూమి ఎవరిది, ఏ రకం అని చూపే రెవెన్యూ రికార్డు), సర్వే నంబరు పటం చేతిలో లేకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. మధ్యవర్తి "అన్నీ ఉన్నాయండీ" అంటే ఏమీ లేవని అర్థం. పంట భూములు, మడ అడవులు, ఉప్పు మడులు రొయ్యలకు వాడకూడదని నిబంధన. అభయారణ్యం హద్దుల్లో ఉన్న భూమి ఎంత చవకైనా వద్దు. కొల్లేరులో 2006లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, హద్దులు తెలియవన్న మాట ఎవరినీ కాపాడలేదు.

తర్వాత దూరాలు. సముద్రపు పోటు రేఖ (పోటు నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్లలోపు చెరువు తవ్వకూడదని 2023 దాకా చట్టంలో ఉండేది; ఇప్పుడు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కట్టడాలు వద్దన్న ప్రాంతంలో తవ్వకూడదు. సముద్రానికే కాదు, ఆటుపోట్లు తగిలే నదులు, ఉప్పుటేర్ల పోటు రేఖల నుంచి కూడా 2 కిలోమీటర్లలోపు ఉన్న చెరువు 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం కిందకు వస్తుంది. దాన్ని అమలు చేసే అథారిటీ చెన్నైలో ఉంది. "మాది సముద్రానికి దూరమండీ" అనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. తాగునీటి చెరువుకూ బావికీ 100 మీటర్లు, పొలాలకూ కాలువలకూ నేలను బట్టి 50 నుంచి 100 మీటర్లు వదలాలి.

ఈ చివరి అంకె విలువ నాకు కాగితం మీద తెలియలేదు. రెండో పంట వేసిన నెలకు పక్క పొలం రైతు ఫోను చేశాడు. చిన్నప్పటి నుంచి ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. రాత్రి రైలెక్కి వెళ్లాను. ఆయన కేకలు వేయలేదు. మా గట్టు పక్కన తెల్లగా పూత పట్టిన మట్టిబెడ్డ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. "నాలుకకు తాకించి చూడమ్మా" అన్నాడు. ఉప్పు. గట్టును ఆనుకుని మూడు మడుల్లో వరి పసుపు పచ్చబడి ఉంది. మా చెరువుకూ ఆయన పొలానికీ మధ్య, గట్టు కింద ఊరే ఉప్పునీటిని పట్టే ఊట కాలువ కూడా లేదు. కాలువ తవ్వించి, గట్టును లోపలికి జరిపి, ఆయన పోగొట్టుకున్న గింజలకు డబ్బు కట్టేసరికి ఆ ఏడాది లాభం మొత్తం పోయింది. ఊటకు అడ్డుగా ఆ కాలువను మొదటి రోజే తవ్వించండి, అడుగున చేరిన నీటిని తోడి బయటికి పంపే ఏర్పాటు కూడా చేసుకోండి.

ఇక నేను పట్టుబట్టి చేయించే పని: లీజుకు ముందు ఒక పూట డ్రైను, అంటే చెరువులో వాడిన నీళ్లు వదిలే కాలువ, వెంట కాలినడకన వెళ్లండి. మీ చెరువు నీళ్లు ఎవరి తూములోకి పోతాయి, కింద ఎవరు తోడుకుంటున్నారు, పశువులు ఎక్కడ తాగుతున్నాయి, పడవలు ఎక్కడ కడుతున్నారు, కళ్లతో చూడండి. వలలు వేసేవాళ్లు రేవుకు వెళ్లే దారిని మీ కంచె మూయకూడదు. అందుకే రెండు చెరువుల మధ్య కనీసం 20 మీటర్లు వదలమన్నారు. ఆ దారి మూసినవాడికి ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. తమిళనాడుకు చెందిన సర్వోదయ కార్యకర్త జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తొలగించమని తీర్పు ఇచ్చింది. దాని వెనుక ఉన్నవి ఉప్పుబారిన బావులు, మూతపడిన దారులు. 2005 చట్టం ఆ తర్వాత వచ్చింది. 2023 సవరణ జైలు శిక్షను తీసేసి జరిమానాలు పెట్టింది. దానికి సంబరపడవద్దు, చెరువును తొలగించమనే అధికారం అథారిటీకి అలాగే ఉంది. అదే సవరణ ఆలుచిప్పల పెంపకాన్ని కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది. మేత ఖర్చు ఉండదని వాటి మీద మనసు పడేవాళ్లున్నారు. వాటిని ఏటిలోనే వెదురుకు కట్టిన తాళ్ల మీద పెంచుతారు. ఏటిలో నీటికి పట్టా ఉండదు, మీరు తాళ్లు కట్టే చోట ఇంకొకరి వల ఉంటుంది. నన్ను అడిగితే, జాలరుల సంఘంతో మాట్లాడకుండా వెదురు కూడా కొనవద్దు.

రిజిస్ట్రేషన్‌కు జిల్లా మత్స్యశాఖ ద్వారా వెళ్లండి. అది ఐదేళ్లు చెల్లుతుంది, గడువు ఫోనులో గుర్తు పెట్టుకోండి. వెనామీ రకం రొయ్యకు విడిగా అనుమతి కావాలి. రొయ్య పిల్లను అథారిటీ గుర్తింపు ఉన్న హేచరీ (పిల్లలను పుట్టించే కేంద్రం) నుంచే తీసుకోవాలి, చదరపు మీటరుకు 60 దాటకూడదు. నిషేధించిన యాంటీబయాటిక్స్ జోలికి వెళ్లవద్దు. చెరువు చిన్నదైనా వాడిన నీటిని నిలిపే గుంట ఉండాలి, అందులో కనీసం రెండు రోజులు నిలిపాకే డ్రైనులోకి వదలాలి. లీజు సొమ్ము లెక్కలో ఆ గుంటకు పోయే నేలను ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

నేనిప్పుడు నీళ్లు వదలడానికి ముందు రోజు బాబాయికి ఫోను చేస్తాను. "రేపు వద్దమ్మా, కింద నారుమడులకు డ్రైను నీళ్లు తోడుతున్నారు" అంటే ఆగుతాను. పోయిన నెల నాలుగు రోజులు ఆగాను.