పిల్లలకి మొదటి జింకల వేట రైఫిల్ ఎలా ఎంచుకోవాలి

మా అమ్మాయికి రైఫిల్ చూసేటప్పుడు అన్నిటికంటే ముందు బట్ పొడవు, అంటే భుజానికి ఆనే వెనక చివర నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం, చూశాను. మోచెయ్యి మడిచి, బట్‌ని ఆ మడతలో ఆనిస్తే చూపుడు వేలు ట్రిగ్గర్‌కి హాయిగా అందాలి. అందకపోతే మెడ సాచి గురి చూడాల్సి వస్తుంది. రుగర్ అమెరికన్ కాంపాక్ట్‌లో ఆ పొడవు 12.5 అంగుళాలే, ధరా అందుబాటులోనే ఉంటుంది.

క్యాలిబర్ (తూటా సైజు) అంటే నా ఓటు .243 విన్చెస్టర్‌కే. 1955 నుంచీ ఉంది, వెనక్కి తన్నడం తక్కువ, వైట్‌టెయిల్ జింకకి సరిపోతుంది. 7ఎంఎం-08 కూడా మంచిదే. మాగ్నమ్‌లు (మందు ఎక్కువగా ఉండి గట్టిగా తన్నే తూటాలు) మాత్రం వద్దు. భుజం ఒకసారి అదిరిందంటే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకోవడం మొదలవుతుంది, ఆ అలవాటు మాన్పించడం మహా కష్టం.

బోల్ట్ యాక్షనే (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి నెట్టే రకం) తీసుకోండి. సెకండ్‌హ్యాండ్‌ది అయితే, ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసి వెనకనుంచి బ్యారెల్‌లోకి చూడండి. లోపల తుప్పు గుంటలుంటే వదిలేయండి. మిగిలిన డబ్బు స్కోప్‌కీ, ప్రాక్టీసు తూటాలకీ పెట్టండి.

అమెరికాలో లైసెన్సున్న డీలర్లు 18 నిండనివాళ్ళకి రైఫిల్ అమ్మకూడదు. కాబట్టి కొనేది మీరే, సేఫ్ తాళమూ మీ దగ్గరే. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు మాత్రం రైఫిల్ ఇంటికి రాకముందే చేయించండి.